వైద్యము, మతసేవ – ఇరుపక్షముల వారికి మా సమాధానము

గడచిన ఉగాదినాడు మన సంఘ సభ్యులు పంచాంగ శ్రవణమునకు కూడినప్పుడు ఒక వివాదము పుట్టినది. పచ్చడి పంచిపెట్టుచుండగా వేలూరులో చదువుకొనుచున్న ఒక చిరంజీవి మా యొద్దకు వచ్చి, "మామా! ఆ దొరల డాక్టర్లు ఒక చేత మందుసీసా, ఇంకొక చేత బైబిలు పట్టుకొని వచ్చినారు. మందు ఎర, బైబిలు గాలము. మీ తరమువారు ఇది తెలియక ఇంకను వారిని పొగడుచున్నారు" అనెను. ప్రక్కనే కూర్చున్న గుడియాత్తము వాస్తవ్యులొకరు, క్రైస్తవులు, మన తెలుగువారే, ఈ మాటకు నొచ్చుకొని, "అన్నా! దేవుని మాట చెప్పని వైద్యము సగము వైద్యమే. ఈనాటి ఆసుపత్రులలో ప్రార్థన తగ్గినది, బిల్లు పెరిగినది. అందువలననే లోకము ఇట్లున్నది" అనిరి. ఇరువురును మా ముఖము చూచిరి. పెద్దవారము గనుక తీర్పు చెప్పవలెనట. ఆనాడు పొద్దుపోయినందున నవ్వి ఊరకుంటిమి. కాని ఇంటికి వచ్చిన పిదప ఆ రెండు మాటలును మమ్ము నిద్రపోనీయలేదు. ఇరువురును పొరబడినారని మా అభిప్రాయము. అంతకంటె పెద్ద పొరపాటు మన అందఱియందును కలదని కూడ మా అభిప్రాయము. ఆ సంగతి ఈ సంచికలో మనవి చేసికొనుచున్నాము.

మేము ఎస్.ఎస్.ఎల్.సి. తో చదువు చాలించి, ముప్పది ఏండ్లకు పైగా కచేరీలో గుమాస్తాగా ఫైళ్ళు మోసినవారము. వైద్యశాస్త్రము ఎఱుగము, వేదాంతము అంతకంటె ఎఱుగము. మా ఇంటి వేలుపు తిరుపతి వేంకటేశ్వరుడు. మా ఊరు అణైకట్టు. క్రైస్తవ మతమునకు వకాల్తా పుచ్చుకొనవలసిన అగత్యము మాకు లేదు. ఐనను గుమాస్తాకు ఒక అలవాటు కలదు. ఎవరెంత గట్టిగా అఱచినను "కాగితము చూపుడు" అని అడుగుట ఆ అలవాటు. ఈ వివాదమునందును అదియే చేయుదము.

మొదట చిరంజీవి వాదమును తీసికొందము. దానిని తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 1819లో అమెరికా నుండి సింహళమునకు ఓడ యెక్కి, 1836లో మదరాసు చేరిన డాక్టరు జాన్ స్కడ్డరు వైద్యుడును, మతబోధకుడును అయియుండెను. ఆయన కుమారులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. 1835లో చైనాదేశపు కాంటను నగరమున పీటరు పార్కరు అను మతబోధకుడు కంటి ఆసుపత్రి తెఱచెను. 1841లో ఎడిన్‌బరో నగరమున వైద్య మిషనరీలకై ప్రత్యేకముగా ఒక సంఘమే ఏర్పడెను. వీరిలో ఎవరును తమ ఉద్దేశమును దాచినవారు కారు. మతమును వ్యాపింపజేయుటకే వచ్చితిమని బాహాటముగా చెప్పుకొనిరి.

మన దేశమున దీనిపై అభ్యంతరము చెప్పినవారు సామాన్యులు కారు. వైద్యమును, విద్యను మతము మార్చుటకు సాధనములుగా వాడరాదని 1931లో గాంధీమహాత్ముడు నిష్కర్షగా పలికెను. మధ్యప్రదేశ ప్రభుత్వము నియమించిన నియోగి కమిటీ 1956 నాటి నివేదికలో, వైద్యసేవను మతమార్పిడికి నేరుగా ఉపయోగించుటను చట్టముచే నిషేధింపవలెనని సిఫారసు చేసెను. రాజ్యాంగము 25వ అధికరణమున ఇచ్చిన ప్రచార స్వాతంత్ర్యము తన మతమును వివరించి చెప్పుటకే గాని, ఇతరుని మతము మార్చుట ఒక హక్కు కాదని 1977లో సుప్రీముకోర్టు స్టానిస్లాసు కేసులో తీర్పు చెప్పెను. కావున చిరంజీవి మాట గాలిమాట కాదు. దానికి కాగితము కలదు.

కాని ఒక కాగితము చూచి ఫైలు మూయు గుమాస్తా మంచి గుమాస్తా కాడు. రెండవ కాగితమును చూడవలెను.

మన రాణిపేటలో 1866లో స్కడ్డరు సోదరులలో ఒకరైన డాక్టరు సైలస్ గారు ఆసుపత్రి స్థాపించిరి. ఆ రాణిపేటలోనే 1870 డిసెంబరు 9వ తేదీన ఐడా సోఫియా స్కడ్డరు జన్మించిరి. యౌవనమున ఆమెకు ఈ దేశముపై మమకారము లేదు. అమెరికాలో సుఖముగా స్థిరపడవలెననియే కోరిక. తల్లి జబ్బుపడగా చూచుటకై తిండివనమునకు వచ్చిరి. అచట ఒకే రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి వెనుక నొకరు వచ్చి, తమ భార్యలు ప్రసవవేదన పడుచున్నారనియు, ఆమె రావలెననియు ప్రార్థించిరి. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు మహమ్మదీయులు, ఒకరు మఱియొక హిందూ కులస్థులు. తాను డాక్టరును కాననియు, తన తండ్రి డాక్టరనియు, ఆయన వచ్చుననియు ఆమె చెప్పిరి. పరపురుషుని లోనికి రానీయమని మువ్వురును వెనుదిరిగిరి. తెల్లవాఱునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఈ కథను వేలూరులో ఎఱుగనివారు లేరు. కాని దీనిని చెప్పునప్పుడు మనము ఒక మాటను మ్రింగివేయుదుము. ఆ రాత్రి ఆ ఊరిలో డాక్టరు లేకపోలేదు. డాక్టరు ఉండెను, మందు ఉండెను, వచ్చుటకు సిద్ధముగా కూడ ఉండెను. మన ఆచారము గడప యొద్ద అడ్డముగా నిలిచెను. ఆ ముగ్గురు ఇల్లాండ్రను చంపినది బైబిలు కాదు, మన గోషా. మందును ఎర యని నిందించువారు ఈ సంగతి కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ మూడు చావులు చూచిన పిదప ఐడాగారు అమెరికాకు పోయి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, మరుసటి ఏడు వేలూరు చేరిరి. కొలది నెలలలోనే తండ్రి గతించిరి. భారమంతయు ఆమెపై పడెను. 1902లో నలువది పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెఱచిరి. 1909లో నర్సుల శిక్షణ ఆరంభమాయెను. 1918లో స్త్రీలకొఱకు వైద్య పాఠశాల వెలసెను. తొలి తరగతిలో పదునలుగురు 1922లో చదువు ముగించిరి. 1942లో అది ఎం.బి.బి.యస్. నేర్పు కళాశాలయై, 1947లో పురుషులను కూడ చేర్చుకొనెను. స్త్రీలకు వైద్యులు లేరను కొఱతతో పుట్టిన సంస్థలో ఈనాడు సమస్త రాష్ట్రముల పురుషులును వరుసకట్టి నిలుచుచున్నారు. 1961లో మన దేశమున మొదటిసారి గుండెను తెఱచి సఫలముగా శస్త్రచికిత్స చేసినదియు, 1971లో మొదటిసారి ఒకరి మూత్రపిండము నింకొకరికి సఫలముగా అమర్చినదియు ఈ వేలూరులోనే.

ఇక మన గుడియాత్తము బాట సంగతి. ఐడాగారు 1906 మొదలు వారమునకొక దినము ఈ బాటవెంట వచ్చి, చెట్లనీడలలో రోగులను చూచెడివారు. మొదట బండి, పిదప మోటారు. ఇరువది మైళ్ళకు పైగా దూరము. మా అవ్వ, అనగా మా నాయనగారి తల్లి, చిన్నతనమున ఆ చింతచెట్ల క్రింద నిలుచున్నదట. పుండ్లకు కట్టులు కట్టుట, పుచ్చిన పన్ను పీకుట, కంటిలో మందు వేయుట, అన్నియు అచ్చటనే. మోటారులో వచ్చినవారిలో ఒకామె పాట పాడి ఏసు కథ చెప్పెడిదట. అది విని, మందు పూయించుకొని, ఇంటికి వచ్చి అవ్వ తులసికోట యొద్ద దీపము పెట్టెడిది. "మతము మారుమని అడిగినారా అవ్వా?" అని మేము పిల్లతనమున అడిగితిమి. "కత చెప్పినారు, విన్నాను. పుండుకు మందేసినారు, మానింది. ఇంకేముందిరా?" అని ఆమె తన పనికి తాను పోయినది. ఆమె తెలివి మన చిరంజీవులకు వచ్చిన బాగుండును.

గాలము వేసినవారు నూఱేండ్లు వేసిరనియే అనుకొందము. గుడియాత్తములో ఏటేట మే మాసమున గంగమ్మ శిరస్సు ఊరేగునప్పుడు వచ్చు జనమును చూచినవారెవరైన, ఆ గాలమునకు చేపలన్నియు చిక్కినవని అనగలరా? మతము మారినవారు లేరని మేము చెప్పము, ఉన్నారు. కాని వారిలో ఎక్కువమంది ఎవరు? మన బావి యొద్ద చేద ముట్టనీయని వారు. మన గుడి వాకిట నిలువనీయని వారు. ఆసుపత్రి బల్లమీద రెడ్డిగారి ప్రక్కన, నాయుడుగారి ప్రక్కన వారిని కూర్చుండబెట్టిరి. మనము నూఱు తరములుగా ఇయ్యని ఆ చోటును ఇంకొకరు ఇచ్చినందున వారు అటు పోయిరి. దానిని మందుసీసాపైకి నెట్టుట మన తప్పును మనము కప్పుకొనుటయే.

ఇంతమాత్రము చెప్పి, మేము క్రైస్తవ సోదరుల పక్షమున చేరితిమని ఎవరును తలపవలదు. మా సొంత అనుభవ మొకటి కలదు. చాల ఏండ్ల క్రిందట మా తల్లిగారికి శస్త్రచికిత్స జరిగినది. ఏ ఊరో, ఏ ఆసుపత్రియో చెప్పము. మఱునాడు ఉదయము కత్తి పడవలసియున్న రాత్రి, ఎవరో ఒక పెద్దమనిషి వార్డులోనికి వచ్చి, ఒక కరపత్రమును ఆమె చేతిలో పెట్టి, ఇట్లు ప్రార్థించిన భయము పోవునని చెప్పి వెడలిపోయెను. ఆయన బెదిరించలేదు, కఠినముగా ఒక మాటయైన అనలేదు. కాని ఆయన పోయిన పిదప మా తల్లిగారు మమ్ము దగ్గరకు పిలిచి, "నాయనా! ఈ కాగితము తీసికోకపోతే కత్తి సరిగా పడదేమో?" అని మెల్లగా అడిగినది. ఆమె చేయి వణకుచుండెను. ఆ ప్రశ్న ఇప్పటికిని మా చెవిలో మ్రోగుచునే యున్నది. మఱునాడు తెల్లవాఱగనే నర్సుతో చెప్పితిమి. ఆ పిల్ల సిగ్గుపడి, క్షమింపుమని కోరి, కాగితము తీసివేసెను. ఆమెయును క్రైస్తవురాలే.

మంచముపై పడియున్నవాడును, ప్రక్కన నిలిచియున్నవాడును సమానులు కారు. నిలిచియున్నవాడు ప్రేమతో చెప్పినను, పడియున్నవాని చెవికి అది ఆజ్ఞవలె వినిపించును. రోగి "సరే" అనుట ఒప్పుకొనుట కాదు. అందుచేత మా తీర్పు ఇది: డాక్టరు తన ఇంట ప్రార్థించుకొనవచ్చును, ఆసుపత్రి గుడిలో ప్రార్థించుకొనవచ్చును, రోగి తానై అడిగిన అతనితో కూడ ప్రార్థించవచ్చును. అడుగని రోగి మంచము యొద్దకు మతమును తీసికొనిపోరాదు. మందునకు వెల పైకము కావచ్చును, లేక ఏమియు లేకపోవచ్చును. మతము మాత్రము వెల కారాదు. వరుసలో ముందు నిలుచుటకు బొట్టుగాని, సిలువగాని, టోపీగాని సిఫారసు కారాదు. ఈ హద్దులు దాటిన ఆసుపత్రి ఎంత గొప్పదైనను తప్పే చేయుచున్నది. క్రైస్తవులకే కాదు, ఏ మతము పేర, ఏ స్వామివారి పేర వైద్యాలయము నడుపువారికైనను ఇదియే నియమము.

ఇక గుడియాత్తము సోదరుల వాదము. దేవుని మాట చెప్పని వైద్యము సగమేనని వారనిరి. వారి మతస్థుల చరిత్రయే వారికి సమాధానము చెప్పుచున్నది.

మన ఆంధ్రదేశమున గుంటూరునకు 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ వచ్చిరి. ఆమెను పంపిన లూథరన్ సంఘమువారు వైద్యసేవకని పంపలేదు. స్త్రీలకు బోధించుటకు పంపిరి. వైద్యమునకు తాము సిద్ధముగా లేమని వారు చెప్పిరి. కాని గుంటూరు స్త్రీలు పాఠముకొఱకు కాచియుండలేదు; జ్వరములతోను, కాన్పులతోను ఆమె వాకిటికి వచ్చిరి. ఆమె మందిచ్చిరి. రెండేండ్లకు, 1885లో, సంఘమువారు దారికి వచ్చి ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. 1898లో ఆసుపత్రి వెలసెను. 1930లో మరణించువఱకు ఆమె గుంటూరును విడువలేదు. సోదరా! అచట మతబోధ పుచ్చుకొన్న రూపము వైద్యమే కదా! దొరల సంఘమునకు తెలియని సంగతిని మన పల్లెపడుచులు వారికి నేర్పిరి.

ఆఫ్రికాలో లాంబరేనే యను చోట 1913లో ఆసుపత్రి స్థాపించిన ఆల్బర్టు ష్వైట్జరును చూడుడు. ఆయన గొప్ప వేదాంతి. ఆయన అభిప్రాయములు నచ్చని పారిసు మిషనువారు వెనుకాడగా, డాక్టరుగా మాత్రమే పనిచేయుదును, ఉపదేశము చేయనని మాట యిచ్చి వెళ్ళెను. బోధింపవలదన్నను పోయి, రోగులను చూచెను. పిదప అచటివారే ఆయనను బోధింపుమని కోరిరి. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకు వచ్చినది. ఆయన వైద్యము సగమని ఎవరనగలరు?

అంతదూరము పోనేల? కాట్పాడి ప్రక్కన కరిగిరి కలదు. అచట 1955లో కుష్ఠురోగులకై ఆరోగ్యాలయము, పరిశోధనశాల ఏర్పడెను. దానికి పూర్వము వేలూరులో డాక్టరు పాల్ బ్రాండు 1948లో కుష్ఠురోగుల చేతులను సరిచేయు శస్త్రచికిత్సలను ఆరంభించిరి. అంతవఱకు కుష్ఠు సోకిన వాని వ్రేళ్ళు తమంతట తామే కుళ్ళి రాలిపోవునని లోకమంతయు నమ్మెను. అది నిజము కాదని ఆయన చూపిరి. రోగమువలన నరములు చెడి స్పర్శ పోవును. స్పర్శ లేనివాడు కాగిన గిన్నెను పట్టుకొనును, గాయమును ఎఱుగడు. ఆ గాయములే చేతిని తినివేయును. ముడుచుకొనిపోయిన వ్రేళ్ళను విప్పుటకు, పనిచేయుచున్న కండర మొకదాని స్నాయువును మళ్ళించి, చచ్చిన కండరముల పని దానిచేత చేయించిరి. బిచ్చమెత్తిన చేయి వడ్రంగము పట్టినది. "నీవు పాపము చేసితివి, అందుచే నీకిట్లాయెను" అని మన ఊరు ఆ రోగికి చెప్పెను. "నీ వ్రేలు కాలినది, దీనిని కాపాడుకొనుము" అని ఆ డాక్టరు చెప్పెను. ఈ రెంటిలో ఏది దేవుని మాటయో సోదరులే చెప్పవలెను.

ఆ వేలూరులోనే డాక్టరు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుపడి, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. 1966లో అంగవైకల్యము గలవారికి పునరావాస చికిత్సాలయము ఆరంభమగుటకు ఆమెయే ముఖ్యకారకులు. 1972లో ప్రభుత్వమువారు పద్మశ్రీ యిచ్చి గౌరవించిరి. కుర్చీలో కూర్చున్న ఆ డాక్టరును చూచిన నడువలేని రోగికి ఇంకొక ఉపన్యాసము కావలెనా?

కాని ఇచట చిరంజీవికి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. నోరు మూసికొని మందిమ్మని డాక్టరును అడుగుట న్యాయమే. నీ విశ్వాసమును గేటు బయట వదలి రమ్మనుట న్యాయము కాదు. స్కడ్డరు కుటుంబమున నాలుగు తరములలో నలువదిమందికి పైగా ఈ దేశమున పనిచేసిరి. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో డెన్మార్కు దేశీయులైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు క్షయరోగుల నడుమ తమ ఆయుస్సు గడపిరి. క్షయకు మందు లేని దినములవి. డాక్టరునకును ప్రాణభయము గల దినములవి. అట్టిచోట మనుష్యుని నిలిపినది జీతము కాదు. వారిని నిలిపిన దానిని మనము ఒప్పుకొనకపోవచ్చును; కాని దానిని పెఱికివేసి, వారి సేవ మాత్రము కావలెననుట, వేరు నఱికి కాయ కోరుటయే.

ఇప్పుడు మూడవ పక్షమునకు వత్తుము. ఆ పక్షము మనమే.

2023 మే మాసమున, మన అణైకట్టు తాలూకాలోని అల్లేరి కొండపల్లెలో ఏడాదిన్నర ప్రాయపు పసిబిడ్డను పాము కఱచెను. కొండ దిగుటకు రోడ్డు లేదు. ఆసుపత్రి చేరకమునుపే బిడ్డ చనిపోయెను. శవపరీక్ష ముగిసిన పిదప తీసికొని వచ్చిన అంబులెన్సు రోడ్డు లేనందున నడుమనే ఆగగా, తల్లి బిడ్డ శవమును చేతులమీద మోసికొని కొండ యెక్కెను. ఇది 1900వ సంవత్సరపు కథ కాదు. చంద్రునిపైకి మన దేశము యంత్రమును దింపిన సంవత్సరపు కథ. దేశమంతటినుండి రోగులు వచ్చు వేలూరునకు కూతవేటు దూరపు కథ.

ఆ వార్త వచ్చిననాడు మన ఇండ్లలో ఏమి మాటలాడుకొంటిమి? ప్రభుత్వమును తిట్టితిమి. తిట్టవలసినదే. కాని మన కుటుంబములలో డాక్టర్లైన బిడ్డలు ఎందఱు లేరు? వారిలో అల్లేరి కొండ పేరు విన్నవారెందఱు? చదువునకు లక్షలు పోసితిమి. ఆ లక్షలు తిరిగి రాబట్టవలెనని వివాహమున కట్నము లెక్కించితిమి. పట్టణమున నర్సింగుహోము పెట్టుమంటిమి, లేదా అమెరికాకు పంపితిమి. పండుగనాడు వచ్చిన డాక్టరు బిడ్డను "నీకు నెలకెంత?" అని అడుగుదుముగాని, "ఎవరికి నయమాయెను?" అని అడుగము. ఇట్టి మనము, పరదేశమునుండి వచ్చి చింతచెట్టు క్రింద పుండు కడిగిన స్త్రీ ఉద్దేశము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు కూర్చుండుట హాస్యాస్పదము. రేపు ఎవరైన అల్లేరి కొండ యెక్కి వైద్యము చేయ వచ్చినచో, ఆయన జేబులో బైబిలున్నదా, గీతయున్నదా, ఖురానున్నదా యని మేము మొదట వెదకము. సంచిలో పాముకాటు మందున్నదా యని అడుగుదుము. మతము సంగతి, ఆయన హద్దు దాటిననాడు చూచుకొందము.

మంచి డాక్టర్లను ఎట్లు ఎన్నుకొనవలెనను ప్రశ్న కూడ మన యెదుటనే తేలినది. అఖిలభారత ప్రవేశపరీక్ష, కౌన్సెలింగు వచ్చినప్పుడు, తమ విద్యార్థులను తామే పరీక్షించి ఎన్నుకొను పద్ధతి పోవునని క్రిస్టియన్ మెడికల్ కాలేజివారు అభ్యంతరము చెప్పి, 2017లో నూఱు ఎం.బి.బి.యస్. స్థానములలో ఒక్కటి మాత్రమే నింపిరి. అల్పసంఖ్యాకుల సంస్థలకును ఆ పరీక్ష వర్తించునని 2020 ఏప్రిలు 29వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కోర్టు తీర్పును మేము కాదనము. డబ్బు సంచులతో స్థానములు కొనువారిని ఆపుటకు ఒక త్రాసు ఉండవలసినదే. కాని ఆ త్రాసు మార్కులను తూచునుగాని మనసును తూచలేదు. చదువు ముగిసిన పిదప రెండేండ్లు పల్లెలోని మిషను ఆసుపత్రిలో పనిచేయుమని సంఘములు తాము పంపిన విద్యార్థులకు పెట్టిన నియమము, ఆ మనసును కొలుచు కొలత. దానిని క్రైస్తవులది యని నవ్వుటకంటె, మనము కూడ నేర్చుకొనుట మేలు.

కావున మన సంఘమునకు మూడు విన్నపములు చేయుచున్నాము.

చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె, అనంతపురము ప్రాంతములనుండి దినదినమును తెలుగు రోగులు వేలూరు వచ్చుచున్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము చిత్తూరు, పుంగనూరు వారును మనమును ఒక జిల్లావారమే. బెంగాలు నుండి వచ్చువారికి ఆసుపత్రి వీధిలో బెంగాలీ బోర్డులు, బెంగాలీ భోజనము కలవు. ప్రక్క జిల్లా నుండి వచ్చిన తెలుగు ముసలమ్మ మాత్రము అఱవ బోర్డు చదువలేక, చీటి చేతబట్టి మెట్లమీద కూర్చుండును. తెలుగు, అఱవము రెండును ఇంటి భాషలుగా గలవారము మనము. పింఛను పుచ్చుకొని తిన్నెమీద కూర్చుండి రాజకీయములు మాటలాడుకొనువారము కొందఱము, వంతులవారీగా దినమునకు ఇద్దఱు చొప్పున, ఆసుపత్రి వారి అనుమతితో అచట నిలిచి, ఆ రోగికి దారి చూపి, డాక్టరు మాటను తెలుగులో చెప్పలేమా? ఇది మొదటి విన్నపము.

రెండవది. ఏటేట ఉగాదికి పందిళ్ళకును, మైకులకును వ్యయమగు పైకములో సగము తీసి, మన కుటుంబములలోని ఒక బీద బాలికకు నర్సు చదువు చెప్పింతము. కులము చూడవలదు, మతము చూడవలదు. ఒక్కటే షరతు: చదువు ముగిసిన పిదప రెండేండ్లు కొండపల్లెలకో, పల్లె ఆసుపత్రికో సేవ చేయవలెను.

మూడవది. 2006లో తమిళము నేర్చుట నిర్బంధమైన చట్టము వచ్చిన పిదప మన పిల్లలు తెలుగు అక్షరములు మఱచుచున్నారని ప్రతి సంచికలోను విలపించుచున్నాము. విలాపము చాలును. వారికి ఆదివారము తెలుగు చదువ నేర్పుదము. నేర్చినవానిని ఆసుపత్రికి తీసికొనిపోయి, రోగి చీటిని తెలుగున చదివి వినిపింపుమందము. ఒక ముసలమ్మ ప్రాణమునకు తన అక్షరము అక్కఱకు వచ్చినదని తెలిసిన పిల్లవాడు ఆ అక్షరమును మఱువడు.

చిరంజీవీ! నీవు గాలమును చూపితివి. మంచిదే, మెలకువగా నుండుము. సోదరా! నీవు ప్రార్థన తగ్గినదంటివి. నీ ప్రార్థన నీకు చేసికొనుము, ఎవరును అడ్డుపడరు. కాని మీరిరువురును వచ్చు సోమవారమునుండి మా వెంట వేలూరునకు రండు. ఉదయము మొదటి బస్సునకే బయలుదేరుదము. ఆ మెట్లమీద ఒక తెలుగు ముసలమ్మ చీటి చేతబట్టుకొని కూర్చుండియుండును. ఆమెకు దారి చూపిన పిదప, తిరుగుబస్సులో మిగిలిన వాదము పూర్తిచేసికొందము.